విజిల్ మోగాక మొదలయ్యే పాట

2022 డిసెంబర్ 18. ఖతర్‌లోని లుసైల్ స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్. 79 నిమిషాలు గడిచేసరికి అర్జెంటీనా 2–0తో ముందుంది. ఫ్రాన్స్ పని అయిపోయినట్టే కనిపించింది. అంతలో ఆ జట్టు ఆటగాడు ఎంబాపె రెండు నిమిషాలు తిరగకుండానే రెండు గోల్స్ కొట్టాడు. అదనపు సమయంలో చెరొకటి పడి స్కోరు 3–3 అయింది. చివరికి పెనాల్టీల్లో 4–2తో అర్జెంటీనా గెలిచింది. ఆ మ్యాచ్‌ని పెద్ద తెర మీద చూపించి, అయ్యాక కచేరీ పెట్టుకున్నవాళ్లు ఏ దేశంలో ఉన్నా సరే, ఆ రోజు వాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. తొంభై నిమిషాలకు వేదిక ఎక్కాల్సిన బ్యాండ్ ఇంకో ముప్పావుగంటకు పైగా ఆగాలి. శ్రుతి చేసి పెట్టుకున్న వాయిద్యాలను మళ్లీ శ్రుతి చేసుకోవాలి. సంబరంతో మొదలుపెట్టాలా, ఊరడింపుతో మొదలుపెట్టాలా అన్నది ఆఖరి కిక్ దాకా తేలదు.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని నలుగురూ కలిసి చూసే వాచ్ పార్టీని, ఆయా దేశాల సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వినే కచేరీని ఒకే మైదానంలో కలపడం పైకి తేలికగానే కనిపిస్తుంది. రెండూ జనాన్ని కూడగట్టేవే. కానీ ఆచరణలో ఒకదాని మీద ఒకటి పడి రెండూ నలిగిపోయే సందర్భాలే ఎక్కువ. ఆటకోసం వచ్చినవాళ్లకి పాట అడ్డంగా అనిపిస్తుంది. పాటకోసం వచ్చినవాళ్లు తెర వైపు తిరిగిన వీపుల్ని చూస్తూ నిలబడతారు. ఈ పొరపాటుకి మూలం చాలావరకు ఒకటే. నిర్వాహకులు సంగీతాన్ని హాఫ్‌టైమ్‌లో ఇరికిస్తారు. దాని అసలు చోటు ఆఖరి విజిల్ తర్వాత.

వీధుల్లో, కూడళ్లలో పెద్ద తెరలు పెట్టి ప్రపంచకప్ చూడటం అనేది ఈ స్థాయిలో కళ్లకు కట్టింది 2002లో, దక్షిణ కొరియాలో. టికెట్లు దొరకని లక్షలమంది ఎర్ర చొక్కాలు వేసుకుని సియోల్ సిటీ హాల్ ముందు, గ్వాంగ్హ్వామున్ కూడలిలో చేరారు. అక్కడ సంగీతం ఏర్పాటు చేసింది కాదు, జనం చేతుల్లోంచి వచ్చింది. ‘దే-హాన్-మిన్-గుక్’ అని దేశం పేరు అరవడం, వెంటనే ఐదు చప్పట్లు. మూడు, చిన్న విరామం, రెండు. అంతే. ఐదేళ్ల పిల్లలూ పట్టుకోగల తాళం అది. దానికి తోడు పల్లె మేళాల్లో వాడే బుక్ అనే డోలు, క్వెంగ్వారి అనే చిన్న కంచు పళ్లెం. కొరియా జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది కాబట్టి ఆ తాళం నెలంతా ఆగలేదు.

నాలుగేళ్ల తర్వాత జర్మనీలో, ప్రపంచకప్ నిర్వహించే ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా దాన్ని ‘ఫ్యాన్ ఫెస్ట్’ పేరుతో అధికారిక ఏర్పాటుగా మార్చింది. 2006లో మ్యాచ్‌లు జరిగిన 12 నగరాల్లోనూ ఉచిత ప్రవేశం, తెరలు, వేదికలు. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ గేటు నుంచి విజయ స్తంభం వైపు సాగే రోడ్డంతా జనంతో నిండిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంకా అందంగా ఆలోచించారు. మైన్ నది మధ్యలో తెర నిలబెట్టారు, జనం రెండు గట్ల మీదా కూర్చుని చూశారు. ఆ ఏర్పాటులో ఒక గొప్ప గుణం ఉంది: తెరకి ముందు, వెనక అన్న తేడా లేదు. ఏ గట్టు మీద కూర్చున్నా ఎదురుగా ఇంకో జనం కనిపిస్తారు. పాటకి కావలసిన వాతావరణం అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి అసలు సంగీతం ఎందుకు కావాలో చూడాలి. ఫుట్‌బాల్‌కి బయట నుంచి సంగీతం తెచ్చి అతికించనక్కర్లేదు, అది ఆటలోనే ఉంది. 2002 మే 31న సియోల్‌లో సెనెగల్ అప్పటి ప్రపంచ విజేత ఫ్రాన్స్‌ని 1–0తో ఓడించింది. గోల్ కొట్టిన పాపా బూబా డియోప్ చొక్కా విప్పి కార్నర్ జెండా దగ్గర నేల మీద పరిచాడు. జట్టు సభ్యులు దాని చుట్టూ తిరుగుతూ నాట్యం చేశారు. 1990లో కామెరూన్ ఆటగాడు రోజె మిల్లా 38 ఏళ్ల వయసులో అలాగే కార్నర్ జెండా పక్కన నడుము ఊపిన దృశ్యం చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. స్పెయిన్‌లో మనోలో అనే అభిమాని తలమీద నల్ల టోపీ, పొట్టమీద పెద్ద డ్రమ్ముతో 1982 నుంచి పది ప్రపంచకప్‌లు తిరిగాడు, 2025లో కన్నుమూశాడు. అర్జెంటీనా గ్యాలరీల్లో మోగే ‘బొంబో’ డ్రమ్ము బ్యూనస్ ఎయిర్స్ కార్నివాల్ మేళాల నుంచి వచ్చింది. దాని నెత్తిమీద ఒక ఇత్తడి తాళం బిగించి ఉంటుంది. ఒక చేత్తో డ్రమ్ము, రెండో చేత్తో తాళం. ఒక్క మనిషి ఒక బృందంలా మోగిస్తాడు.

ఈ చప్పుళ్లన్నీ స్టేడియంలో ఉన్నవాళ్ల గుండెల్లో మోగుతాయి. టీవీలో చూసేవాళ్లకి మాత్రం అవి కామెంటరీ కింద అణిగిపోయిన ఒక హోరు. వాచ్ పార్టీలో తెర ఎంత పెద్దదైనా ఆ లోటు తీరదు. బొమ్మ పెద్దదవుతుంది, చప్పుడు మాత్రం అదే పలచని చప్పుడు. అందుకే వాచ్ పార్టీలో ప్రత్యక్ష సంగీతం చేయాల్సిన మొదటి పని వినోదం పంచడం కంటే ముందు, తెర మింగేసిన ఆ చప్పుడుని జనానికి తిరిగి ఇవ్వడం. పక్కన నిలబడ్డ డ్రమ్ము దెబ్బ చెవికంటే ముందు ఛాతీకి తగిలితే, వేల కిలోమీటర్ల దూరంలో జరుగుతున్న మ్యాచ్ ఈ మైదానంలోకి వచ్చినట్టే.

ఇప్పుడు గడియారం సంగతి. హాఫ్‌టైమ్ 15 నిమిషాలు. అందులో సగం మంది బాత్‌రూమ్ వరసలో, మిగతా సగం తిండి కౌంటర్ దగ్గర ఉంటారు. ఐదుగురు సభ్యులున్న బ్యాండ్ మైకులు సరిచూసుకుని, ఒకటిన్నర పాట పాడేసరికి రెండో సగం మొదలవుతుంది. పాట మధ్యలో ఆపితే కళాకారులకి అవమానం, ఆపకపోతే చూసేవాళ్లకి కోపం. ఈ పదిహేను నిమిషాల్లో పనికొచ్చేది కరెంటు, మైకు, వేదిక ఏవీ అక్కర్లేని సంగీతం. డోళ్లు మెడలో వేసుకుని జనం మధ్యకి నడిచి వచ్చేవాళ్లు. సెనెగల్ అభిమాన సంఘం ‘పన్నెండో సింహం’ తమ దేశపు మ్యాచ్‌లకి తెచ్చే డోళ్లు ఇలాంటివే. సబర్ డోలుని ఒక చేతిలో సన్నని పుల్లతో, రెండో చేత్తో అరచేతితో వాయిస్తారు. తమా అనేది నడుము సన్నగా ఉండే చిన్న డోలు. చంకలో పెట్టి దాని తాళ్లని నొక్కితే స్వరం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. దానికి సౌండ్ చెక్ అవసరం లేదు.

మ్యాచ్‌కి ముందు సమయం మంచిదే, అయితే దాని పని వేరు. మన పద్య నాటకాల్లో తెర లేవకముందే హార్మోనియం అందుకునేది. జనం వచ్చి సర్దుకుని కూర్చునే దాకా, పిల్లలు నోళ్లు మూసే దాకా అది మోగుతూనే ఉండేది. మ్యాచ్‌కి ముందు సంగీతం చేసేదీ అదే పని. గంటసేపు వాయించి, ఆట మొదలవడానికి అరగంట ముందే దిగిపోవాలి. ఎందుకంటే ఆ అరగంటలో జట్ల పేర్లు వస్తాయి, తర్వాత జాతీయ గీతాలు వస్తాయి. ఆ గీతాల్ని స్పష్టంగా వినిపించడం ఏ కచేరీ కంటే ముఖ్యం. పరదేశంలో బతుకుతున్న మనిషి తన దేశపు గీతాన్ని పదిమందిలో నిలబడి పాడే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది?

ఇక ఆట జరుగుతున్నప్పుడు వేదిక మీద నిశ్శబ్దం పాటించాల్సిందే. దీనికి దక్షిణాఫ్రికా 2010 ఒక పాఠం. ఆ ప్రపంచకప్‌కి ముందు రోజు, జూన్ 10న, సొవెటోలోని ఓర్లాండో స్టేడియంలో ఆఫ్రికా సంగీతంలోని మేటి గొంతులు వినిపించాయి. మాలి నుంచి టినారివెన్, అమడూ–మరియమ్, బెనిన్ నుంచి ఆంజెలిక్ కిజో, సొంతగడ్డ నుంచి హ్యూ మసెకెలా. కానీ మర్నాటి నుంచి నెలరోజులు ప్రపంచానికి వినిపించింది వువుజెలా. ఒకే ఒక్క స్వరం, తొంభై నిమిషాలు, తెరిపి లేకుండా. టీవీ సంస్థలు ఆ స్వరాన్ని తగ్గించడానికి ఫిల్టర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. అందులో నలిగిపోయింది గ్యాలరీల పాట. దక్షిణాఫ్రికా జనం బృందగానంలో ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. ఒకడు ఎత్తుకుంటే వెయ్యిమంది అందుకునే సంప్రదాయం అది. ఆ హోరులో ఎత్తుకున్న గొంతు పక్కవాడికి కూడా వినిపించలేదు.

శబ్దం విషయంలో ఇంకో రెండు చిన్న సంగతులు, చిన్నవే కానీ సాయంత్రాన్ని పాడుచేయగలవి. ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌లో వచ్చే మ్యాచ్, శాటిలైట్ ప్రసారం కంటే అర నిమిషం దాకా వెనకబడుతుంది. ఇక్కడ ఫ్రీకిక్ కొట్టకముందే పక్క బిల్డింగులో ‘గోల్’ అని కేక వినిపిస్తే ఆ జనం మొహాలు చూడాలి. రెండోది వేదిక ఎక్కడ పెట్టాలన్నది. తెర ముందు పెడితే అడ్డం, తెర పక్కన పెడితే రెండిటి మధ్యా చూపు చీలిపోతుంది. తెరకి సరిగ్గా ఎదురు కొసన పెడితే అన్నీ కుదురుతాయి. విజిల్ మోగగానే జనమంతా వెనక్కి తిరుగుతారు. అప్పటిదాకా ఏమీ సరిగా కనిపించక ఆఖరి వరసలో నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా మొదటి వరసలో ఉంటారు.

ఎవరిని పిలవాలి అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ‘వరల్డ్ మ్యూజిక్’ అన్న మాటే 1987లో లండన్‌లోని ఒక పబ్బులో చిన్న రికార్డు కంపెనీల వాళ్లు కూర్చుని పెట్టుకున్న పేరు. మాలి పాటల్ని, బల్గేరియా పాటల్ని, పాకిస్తాన్ కవ్వాలీని షాపులో ఏ అరలో పెట్టాలో తెలియక పుట్టింది. అరకి పనికొచ్చిన పేరు మైదానానికి సరిపోదు. మొరాకో మ్యాచ్‌కి ‘ఏదో ఆఫ్రికా డ్రమ్స్’ పిలిస్తే అక్కడున్న మొరాకో వాళ్ల మనసు చివుక్కుమంటుంది. వాళ్ల గ్నావా సంగీతంలో చేతుల్లో మోగే ఇనప చిటికెలు, గింబ్రి అనే మూడు తీగల మంద్ర వాయిద్యం వేరు, సెనెగల్ సబర్ వేరు. 2022లో మొరాకో సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు అయింది. అలాంటి రోజున ఆ ఊళ్లో ఉన్న మొరాకో కుటుంబాలే సరైన కళాకారుల్ని చెప్పగలవు. వాళ్లని అడగడం ఖర్చులేని పని.

పేరు చెప్పడం కూడా మర్యాదే. 2010లో షకీరా, దక్షిణాఫ్రికా బృందం ఫ్రెష్లీగ్రౌండ్ కలిసి పాడిన ప్రపంచకప్ పాట పల్లవి కామెరూన్‌కి చెందిన గోల్డెన్ సౌండ్స్ 1986లో పాడిన ‘జంగలేవా’ నుంచి వచ్చింది. ప్రపంచమంతా ఆ పల్లవికి ఊగింది. దాని సొంత ఊరు ఎక్కడో చాలామందికి ఇప్పటికీ తెలియదు. వాచ్ పార్టీ వేదిక మీద ఆ పల్లవి ఎత్తుకునే ముందు ఒక్క వాక్యంలో ఆ సంగతి చెబితే, కామెరూన్ ఆడే రోజున ఆ జట్టు మీద చూసేవాళ్లకి కొత్త ఇష్టం పుడుతుంది.

అనుమతుల గొడవ త్వరగా చెప్పుకోవచ్చు. మ్యాచ్‌ని బహిరంగంగా చూపించడానికి టికెట్ పెట్టినా, స్పాన్సర్ల బ్యానర్లు కట్టినా ఫిఫా లెక్కలో అది వ్యాపార ప్రదర్శన, దానికి లైసెన్సు కావాలి. పాటల హక్కుల అనుమతి వేరేగా తీసుకోవాలి. జనం లెక్క మాత్రం అన్నిటికంటే కీలకం. 2022లో దోహా అల్ బిద్దా పార్కులోని ఫ్యాన్ ఫెస్టివల్ 40 వేల మందికి సిద్ధం చేసింది. మొదటి మ్యాచ్ రాత్రే అంతకు మించి జనం వచ్చిపడి తోపులాట భయంతో వేలమందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. పేరున్న గాయకుడిని, పెద్ద మ్యాచ్‌ని ఒకే గంటలో పెడితే జనం రెండింతలవుతారు, గేట్లు మాత్రం అన్నే ఉంటాయి.

మళ్లీ విజిల్ దగ్గరికి. ఫుట్‌బాల్ తొంభై నిమిషాల్లో జనాన్ని రెండుగా విడగొడుతుంది. ఆఖరి విజిల్ మోగిన క్షణంలో మైదానంలో రెండు రకాల మనుషులుంటారు: ఎగురుతున్నవాళ్లు, తలదించుకుని సంచి సర్దుకుంటున్నవాళ్లు. పాట లేని వాచ్ పార్టీ అక్కడితో అయిపోతుంది, ఓడినవాళ్లు ముందు గేటు దాటుతారు. ఆ క్షణంలో ఓడిన దేశపు కళాకారులు ముందు వేదిక ఎక్కాలి. ఈ వరస చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. గెలిచినవాళ్ల పాటతో మొదలుపెడితే ఊపు వస్తుందని అనుకుంటారు. కానీ గెలిచినవాళ్లు ఎలాగూ పోరు, వాళ్లకి ఇంటికి పోబుద్ధి కాదు. ఉండటానికి కారణం కావలసింది ఓడినవాళ్లకి. తమ పాట వినిపిస్తే గేటు దగ్గర కాలు ఆగుతుంది. మూడో పాటకి గెలిచిన జట్టు చొక్కాలు కూడా ఆ తాళానికి ఊగుతాయి. రెండో బృందం ఎక్కేసరికి చొక్కాల రంగులు కలిసిపోయి ఉంటాయి.

తెలుగువాళ్లకి ఈ విషయం దూరపుది కాదు. భారత్ పురుషుల ప్రపంచకప్‌లో ఒక్కసారీ ఆడలేదు. 1950లో అవకాశం వచ్చినా జట్టు వెళ్లలేదు. అంటే ఇక్కడ చూసే ప్రతి ప్రపంచకప్ మ్యాచ్ వేరేవాళ్లదే. ఏదో ఒక దేశాన్ని ఎంచుకోవాలి. చాలామంది ఆటగాడి పేరు చూసి ఎంచుకుంటారు. పాట విని ఎంచుకోవడం ఇంకా బలమైన బంధం.

దోహా సంగతే తీసుకుంటే, 2022 ప్రపంచకప్ కోసం స్టేడియాలు, రోడ్లు కట్టిన వలస కార్మికుల్లో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఖతర్‌లో ఉండేవాళ్లకి అన్నిటికంటే తక్కువ టికెట్ 40 రియాళ్లు. అయినా చాలామంది మ్యాచ్‌లు చూసింది పారిశ్రామిక ప్రాంతం పక్కన ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెట్టిన ఉచిత ఫ్యాన్ జోన్‌లో. షిఫ్టు దిగి, స్నానం చేసి, గదిలోవాళ్లతో కలిసి వచ్చి తెర ముందు కూర్చున్నవాళ్లు. తారల కచేరీలు అవతల అల్ బిద్దా పార్కులో. నిజానికి ప్రపంచంలోని దేశాలు కలిసి ఉన్నది ఈ కార్మికుల మైదానంలో. నేపాల్, బంగ్లాదేశ్, భారత్, ఆఫ్రికా దేశాలు, ఒకే గట్టు మీద. అక్కడ ఒక డప్పు, ఒక నేపాలీ మాదల్ డోలు, ఒక ఘనా డోలు పక్కపక్కన మోగితే దానికంటే పెద్ద ప్రపంచ సంగీత వేదిక ఇంకోటి ఉండదు. కళాకారుల్ని విమానంలో రప్పించనక్కర్లేదు. క్యాంపు గదుల్లోనే ఉన్నారు వాళ్లు.

హైదరాబాద్‌లో అయితే ఇలాంటి మేళం తరాలుగా సిద్ధంగా ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన యెమెన్ ప్రాంతపు అరబ్బులు స్థిరపడ్డ చోటు బార్కస్. బ్యారక్స్ అన్న మాటే అలా మారింది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏసీ గార్డ్స్‌లో స్థిరపడ్డారు. వీళ్లిద్దరి డోళ్లే నగరానికి మర్ఫా అయ్యాయి. పెళ్లిళ్లలో, బోనాల్లో, ఎన్నికల ఊరేగింపుల్లో ఊపే తీన్మార్ దెబ్బకి మూలం అదే. ఫుట్‌బాల్‌లోనూ ఈ నగరానికి పెద్ద చరిత్రే ఉంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. అరబ్బు తాళం, ఆఫ్రికా తాళం, ఆట మీద ప్రేమ ఒకే ఊళ్లో ఉన్నాయి. సౌదీ అరేబియా ఆడినా, సెనెగల్ ఆడినా మర్ఫా వాయించేవాళ్లకి అది పరాయి లయ కాదు.

అడ్డం వచ్చేది గడియారమే. దేశంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్లు, డోళ్లు మోగించడానికి వీల్లేదు. యూరప్‌లోనో గల్ఫ్‌లోనో జరిగే టోర్నీల్లో చాలా ముఖ్యమైన మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి దాటాక ముగుస్తాయి. అలాంటప్పుడు ఆఖరి విజిల్ తర్వాత పాట అనేదే కుదరదు. జర్మనీలో ఇలాంటి టోర్నీల కోసం రాత్రి శబ్ద నిబంధనల్ని ప్రత్యేక ఉత్తర్వుతో సడలిస్తూ వచ్చారు, ఇక్కడ ఆ అలవాటు లేదు. అందుకే మన దగ్గర ఈ కార్యక్రమాలు ఎక్కువగా హోటళ్ల హాళ్లలోనే మిగిలిపోతున్నాయి. కానీ 48 జట్లు, 104 మ్యాచ్‌లతో అమెరికా, కెనడా, మెక్సికోలకి కేటాయించిన 2026 టోర్నీ లాంటి వాటికి ఈ లెక్క తిరగబడుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో సాయంత్రం 6 గంటలకి మొదలయ్యే మ్యాచ్ హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం 6.30కి మొదలవుతుంది. ఎండ ఎక్కేలోపు, ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆఖరి విజిల్. చేతిలో ఇరానీ చాయ్, మైదానంలో ఇంకా కాస్త చల్లదనం, ఆఫీసుకి వెళ్లడానికి గంట టైముంది. మర్ఫా మోగించడానికి అప్పుడు ఆ రాత్రి నిబంధన అడ్డు రాదు.